పదమూడోవాడి మనిషి

డెల్మర్ సాబోకి గెలిచినవాళ్ళు కంటికి ఆనరు. చిత్తుగా ఓడినవాళ్ళ మీద కూడా అతనికి పెద్ద ఆసక్తి లేదు. కాస్తలో తప్పిపోయినవాడు మాత్రం వీధి చివర నిలబడి ఉన్నా కనబడతాడు. ముగ్గురికి బహుమతులిస్తే డెల్మర్ నాలుగోవాణ్ణి వెతుక్కుంటూ పోతాడు. పన్నెండు జట్లను ఎంచితే పదమూడో జట్టు కోసం బెంగ పెట్టుకుంటాడు. ఒహాయో రాష్ట్రంలో ఈ జబ్బు ఇంకెవరికైనా ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే మాత్రం వాళ్ళావిడ మీద నాకు చాలా జాలి.

డెల్మర్‌కీ నాకూ ఉన్నది మామూలు స్నేహం కాదు, గొలుసు బంధం. మాట వరసకు అనడం లేదు. మా మార్లిన్ క్రీక్ కాలేజీ మైదానంలో ఫుట్‌బాల్ ఆట జరిగినప్పుడల్లా అంచున పది గజాల ఇనుప గొలుసు పట్టుకుని నిలబడే బృందం ఒకటుంటుంది. జట్టు పది గజాలు ముందుకు జరిగిందో లేదో తేలకపోతే మేం గొలుసు మోసుకెళ్ళి కొలుస్తాం. ఈ చివర కర్ర నాది, ఆ చివర కర్ర డెల్మర్‌ది. మిగతా రోజుల్లో నేను హైస్కూల్లో చరిత్ర చెబుతాను, అతను మెయిన్ స్ట్రీట్‌లో తన దుకాణంలో జుట్టు కత్తిరిస్తాడు. మా బృందానికి పెద్ద గోర్డన్ ప్రెంటిస్, హార్డ్‌వేర్ దుకాణం యజమాని. గొలుసు పట్టుకున్నవాడు చప్పట్లు కొట్టకూడదు, ఈల వెయ్యకూడదు, సొంత జట్టు గెలిచినా మొహంలో కండరం కదలకూడదు. గోర్డన్‌కి ఇవి దేవుడి ఆజ్ఞలతో సమానం.

ఒకసారి వానలో ఆట. పై ఊరి జట్టువాడొకడు, ఎద్దులాంటివాడు, బంతిని పొట్టకి అదుముకుని మా వాళ్ళందరినీ ఈడ్చుకుంటూ వచ్చి పడ్డాడు. గొలుసు తీసుకెళ్ళి కొలిస్తే రెండు వేళ్ళు తక్కువొచ్చింది. స్టేడియం అంతా గోల గోల. డెల్మర్ మాత్రం కర్ర పట్టుకుని ఆ కుర్రాడి మీదికి వంగాడు.

“అయ్యో బాబూ, కాస్తలో పోయింది. నీ తప్పేం లేదు, నేలే జారుడుగా ఉంది.”

బురదలో పడున్న ఆ ఎద్దు “థాంక్సండీ” అన్నాడు. రిఫరీ ఈల నోట్లోంచి తీసి, “ఎవరయ్యా ఈయన?” అని అడిగాడు. ఆట అయ్యాక గోర్డన్ అందుకున్నాడు.

“మనం గొలుసు పట్టేవాళ్ళం డెల్మర్. మనకి నోరుండదు.”

“నోరు కాదు గోర్డన్, మనసాగలేదు.”

“ఆ మనసుని ఇంట్లో పెట్టి రా.”

మనసు ఇంట్లో పెట్టినా నష్టమే. కౌంటీ తిరునాళ్ళలో ఏటా ‘పై’ల పోటీ, అంటే లోపల పండ్లు కూరి కాల్చిన తీపి రొట్టెల పోటీ ఉంటుంది. ఫలితాలు చదవడం మొదలు కాకముందే డెల్మర్ జడ్జీల మొహాలు చూసి నాలుగో స్థానం ఎవరిదో లెక్క కట్టి, నవ్వుతూ వాళ్ళ దగ్గరికి నడుస్తాడు. అందుకని ఊళ్ళో ఆడవాళ్ళకి అతని నవ్వంటే హడల్. ఒక ఏడాది మా ఆవిడ మార్జీ పీచ్ పండ్ల పై చేసి బల్ల దగ్గర నిలబడింది.

“రస్, అడుగో డెల్మర్. నువ్వు కాస్త అడ్డం నిలబడు.”

“నిలబడ్డా ఇటే వస్తున్నాడే.”

“నవ్వుతున్నాడా?”

“నవ్వుతూనే వస్తున్నాడు.”

“అయితే నాలుగో స్థానం నాదే,” అని మార్జీ ఏప్రన్ విప్పేసింది. ఇంకా మూడో బహుమతి పేరు కూడా చదవలేదు. డెల్మర్ వచ్చి, “మార్జీ, నీ పై అడుగు కాస్త తడిసింది గానీ, లేకపోతేనా!” అన్నాడు. ఆ ‘లేకపోతేనా’ అన్న మాట మా ఇంట్లో నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ దాకా వినపడుతూనే ఉంది.

కూతురి పెళ్ళిలో అతను చేసిన ఘనకార్యం ఊళ్ళో అందరూ ఎరుగుదురు. ఆ పిల్ల చాలా రోజులు ఇద్దరు కుర్రాళ్ళ మధ్య ఊగిసలాడి చివరికి ఒకణ్ణి ఖాయం చేసుకుంది. రెండోవాణ్ణి డెల్మర్ పెళ్ళికి పిలిచి రెండో వరసలో కూర్చోబెట్టాడు. గ్లాసు పైకెత్తి అల్లుడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, వెంటనే అటు తిరిగి, “నువ్వు కూడా బాగానే ఆడావు బాబూ” అన్నాడు. కూతురు క్రిస్మస్ వరకు ఫోన్ చెయ్యలేదు. అల్లుడు మంచివాడు కాబట్టి సరిపోయింది.

ఇవన్నీ ఒక ఎత్తు, డిసెంబరు విందు ఒక ఎత్తు. డిసెంబరు మొదట్లో ఒక కమిటీ కూర్చుని దేశం మొత్తమ్మీద పన్నెండు కాలేజీ జట్లను ప్లేఆఫ్‌కి, అంటే దేశంలో మొనగాళ్ళెవరో తేల్చే చివరి పోటీకి ఎంచుతుంది. అందులో అయిదు, తమ తమ కాన్ఫరెన్సుల్లో, అంటే కాలేజీల కూటముల్లో గెలిచిన జట్లు. వాటికి తిన్నగా ప్రవేశం, ఎవరి దయా అక్కర్లేదు. మిగతా ఏడు చోట్లూ కమిటీ ఇష్టం. తర్వాత పన్నెండింటికీ వరస నంబర్లిస్తారు. మొదటి నాలుగు జట్లూ మొదటి రౌండు ఆడకుండా ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ఈ ప్రకటన వచ్చే ఆదివారం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు. గెలిచినవాడికి తలుపు దానంతటదే తెరుచుకోవడం న్యాయమా, గెలవకపోయినా బలమైనవాణ్ణి పిలవడం న్యాయమా అని మంగలి కుర్చీల్లోనూ, చర్చి మెట్ల మీదా, ఆసుపత్రుల్లో ఆపరేషన్ బల్లల మీదా వాదనలు నడుస్తాయి.

ఊరంతా టీవీ ముందు పన్నెండు పేర్లు వింటుంటే డెల్మర్ చెవులు రిక్కించుకుని పదమూడో పేరు కోసం చూస్తాడు. అది తెలిసిందా, మర్నాడే వాళ్ళ గరాజు మీద ఆ జట్టు జెండా లేస్తుంది. తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక ఆ గరాజులో ఆ జట్టు గౌరవార్థం విందు. వాళ్ళ ఊరి వంటలే వండాలి. టెక్సస్ జట్టు తప్పిపోయిన ఏడాది గొడ్డుమాంసం కాల్చిన పొగకి ఫైరింజన్ వచ్చింది. జెండా అంటే కొన్నది కాదు, దుప్పటి మీద అతని భార్య ఇర్మా రంగులతో వేసిన బొమ్మ. ఇర్మా గద్దని వేసినా బాతే అయ్యేది, డేగని వేసినా బాతే అయ్యేది. ఒక ఏడాది ఎలుగుబంటిని వెయ్యాల్సి వస్తే ఊరంతా ఊపిరి బిగబట్టి చూసింది. అది కూడా బాతే అయింది, కాస్త బలిసిన బాతు.

విందుకి ఎవరిని పిలుస్తాడన్నది ఒక లెక్కా పత్రం లేని వ్యవహారం. కత్తెర ఆడిస్తూ ఆడిస్తూ చెవి దగ్గర వంగి, “ఆదివారం గరాజుకి రా. కడుపు ఖాళీ పెట్టుకుని రా” అంటాడు. నన్ను ఒక ఏడాది పిలిచాడు. మరుసటి ఏడాది నేను కొత్త స్వెటర్ కొనుక్కుని సిద్ధంగా కూర్చుంటే పిలవలేదు. పది గజాల గొలుసుకి అటో చివర ఇటో చివర ఉన్నవాళ్ళం కదా, నాకు పౌరుషం వచ్చింది.

“ఏంట్రా డెల్మర్, నేనేం పాపం చేశాను?”

“నీకేంరా, నీ ఏడాది బాగానే గడిచింది.”

తిండికీ ఏడాదికీ సంబంధమేమిటో నాకు బోధపడలేదు. ఇర్మా రంగులు పులుముకుంటూ నవ్వి ఊరుకుంది.

మూడేళ్ళ కిందట మా ఊరికి అసలు పరీక్ష వచ్చింది. మా కాలేజీ జట్టు పేరు మస్క్‌రాట్స్, అంటే కాలవ గట్టున బొరియల్లో ఉండే పెద్ద ఎలుకలు. పులులూ సింహాలూ అన్నీ ముందే ఎవరో తీసేసుకుంటే మాకు మిగిలింది అదే. ఆ ఎలుకలు ఆ ఏడాది కాన్ఫరెన్స్ గెలిచేశాయి! మాది చిన్న కాన్ఫరెన్స్, అందులో ఒక జట్టుకి అక్టోబరులో బంతిని తన్నేవాడే లేడు, పియానో వాయించే కుర్రాణ్ణి తెచ్చి తన్నించారు. అయితేనేం, గెలుపు గెలుపే. తిన్నగా ప్రవేశం వచ్చింది, పన్నెండో నంబరు ఇచ్చారు. మా కంటే ఎంతో పైన ఉన్న లూసియానా జట్టు, సెయింట్ అమెలీ పెలికన్స్, మా మూలంగా బయటికి పోయింది. పదమూడు.

ఆదివారం ప్రకటన రాగానే మా ఊళ్ళో చర్చి గంటలు మోగాయి, కార్ల హారన్లు మోగాయి. సోమవారం పొద్దున అందరి కళ్ళూ డెల్మర్ గరాజు మీదే. నారింజా పచ్చా రంగుల దుప్పటి రెపరెపలాడుతోంది. దాని మధ్యలో పెలికన్ అనే సంచి ముక్కు పక్షి. బాతు.

ఆ పొద్దున దుకాణంలో నేను వంతు కోసం కూర్చున్నాను. కుర్చీలో గోర్డన్ ఉన్నాడు, ఒక పక్క జుట్టు కత్తిరించడం అయింది, రెండో పక్క ఇంకా మొదలవలేదు. వచ్చిన ప్రతివాడూ గోర్డన్‌కే చెయ్యి ఇస్తున్నాడు, ఎందుకంటే వాళ్ళబ్బాయి కోల్బీ మస్క్‌రాట్స్‌లో ఉన్నాడు. తన్నేవాడి కోసం కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి విసిరే పని కోల్బీది. సరిగ్గా విసిరితే ఆ పేరు ఎవరికీ తెలియదు, తప్పు విసిరితే దేశమంతా తెలుస్తుంది. “మీవాడు చాంపియన్ అయ్యాడండీ!” అని ఎవరన్నా, గోర్డన్ “ఊఁ” అని అద్దం వంక చూసుకుంటున్నాడు. కొడుకు గొప్ప చెప్పుకోని తండ్రిని నేనప్పుడే చూశాను. గొలుసు బృందం పెద్ద కదా, ఇక్కడ కూడా నియమం పాటిస్తున్నాడనుకున్నాను.

“డెల్మర్, ఆ జెండా తీసెయ్యి,” అన్నాడు గోర్డన్ ఉన్నట్టుండి.

“తల కదిలించకు.”

“మనం గెలిచాంరా. మైదానంలో గెలిచాం. ఎవడో గదిలో కూర్చుని మనల్ని ఎంచలేదు.”

“గెలిచాం. కాదన్నానా?”

“మరి గెలిచినవాడు లోపలికి రావడం న్యాయమా కాదా?”

“న్యాయమే. తలుపు మనదే.”

“పన్నెండో నంబరు ఇచ్చి మనల్ని పరాయి ఊరికి పంపుతున్నారే, అది న్యాయమా?”

“అది కూడా న్యాయమే. మనం పన్నెండోవాళ్ళంగానే ఉన్నాం.”

“అయితే ఆ పెలికన్లకి జరిగింది అన్యాయమంటావు.”

“అన్యాయమేం కాదు. గీత ఎక్కడో గీయాలి. పదహారు మందిని పిలిచినా పదిహేడోవాడు బయటే నిలబడతాడు.”

“అప్పుడేం చేస్తావ్?”

“వాడికి వండుతా.”

గోర్డన్ మొహం జేవురించింది. మెడకి కట్టిన గుడ్డ పీకి అవతల పడేశాడు. “ఆదివారంలోగా ఆ బాతు దిగకపోతే వచ్చే సీజన్‌లో గొలుసు నీ చేతికి రాదు. చెప్పలేదనకు!” అని సగం తలతో వీధిలోకి నడిచాడు. వెనకనుంచి డెల్మర్ దువ్వెన పట్టుకుని పరిగెత్తాడు. “గోర్డన్, కనీసం ఆ పక్క కూడా చేయించుకుని అలగవయ్యా!” గోర్డన్ వెనక్కి చూడలేదు. ఆ వారమంతా హార్డ్‌వేర్ దుకాణంలో మస్క్‌రాట్స్ టోపీ దించకుండా మేకులు తూచాడు.

డెల్మర్‌కి ఆ గొలుసంటే ప్రాణం. పెళ్ళికాకముందు నుంచీ పట్టుకుంటున్నాడు. శనివారం ఉదయం ఆ కర్రని తుడిచి తుడిచి పెట్టుకునే మనిషి. ఊళ్ళో సగం మంది అతని దగ్గర జుట్టు కత్తిరించుకోవడం మానేశారు, పేపర్లో ‘ఊరికి బాతు అవసరమా’ అని ఎవరో రాశారు. నేను వెళ్ళి బతిమాలాను.

“ఒక్క ఏడాది మానెయ్యరా. వాళ్ళకి నువ్వెవరో కూడా తెలియదు.”

“పిలిచేశానురా రస్. వస్తామన్నారు.”

“ఎవరు, పెలికన్లా?”

“ఆదివారం వచ్చేవాళ్ళు,” అని డెల్మర్ కత్తెరకి నూనె వేసుకున్నాడు. కళ్ళు మాత్రం గోడ మీది గొలుసు బృందం ఫోటో మీదే ఉన్నాయి. నాకు కోపం వచ్చింది, జాలి కూడా వేసింది, ఏది ఎక్కువో చెప్పలేను.

ఆదివారం చర్చి మెట్లు దిగుతుండగానే గోర్డన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. “పద. సాక్షిగా ఉండు. ఆ దుప్పటి నేనే దించుతా.” కారులో నిచ్చెన కూడా పెట్టుకున్నాడు. గరాజు ముందు నిచ్చెన ఆనించి ఒక మెట్టు ఎక్కాడో లేదో, లోపలినుంచి పగలబడి నవ్వు వినిపించింది. గోర్డన్ అక్కడే ఆగిపోయాడు. మెల్లగా దిగి తలుపు తోశాడు.

లోపల పొడవాటి బల్ల. బల్ల మధ్యలో పెద్ద గిన్నెలో లూసియానావాళ్ళు చేసుకునే గంబో, సాసేజీ ముక్కలూ బెండకాయలూ వేసిన చిక్కటి పులుసు. చుట్టూ కూర్చున్నవాళ్ళు “పెలికన్స్! పెలికన్స్!” అని గరిటెలతో బల్ల బాదుతున్నారు. అందరికంటే గట్టిగా బాదుతున్నది నారింజ రంగు స్కార్ఫ్ చుట్టుకున్న కోల్బీ ప్రెంటిస్.

డెల్మర్ గరిటె పట్టుకుని ఎదురొచ్చాడు. ముందు నన్ను చూశాడు.

“నువ్వెందుకొచ్చావు? నీ ఏడాది బాగానే గడిచిందిగా!”

అప్పుడు బల్ల చుట్టూ సరిగ్గా చూశాను. మేయర్ ఎన్నికలో చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఓట్లతో ఓడిపోయిన దంతవైద్యుడు. క్రిస్మస్ పాట ఈసారి తనకే అనుకుని చివరి నిమిషంలో ఇంకొకరికి పోగొట్టుకున్న చర్చి గాయని. నర్సింగ్ పరీక్షలో అంచు దాకా వచ్చి ఆగిపోయిన పిల్ల. నన్ను పిలిచిన ఏడాది గుర్తొచ్చింది. వైస్ ప్రిన్సిపాల్ ఉద్యోగం నా చేతిదాకా వచ్చి పక్కవాడికి పోయిన ఏడాది అది. ఆ రోజు కడుపునిండా తిని, ఎవరో ఊరుపేరు తెలియని జట్టుకి జరిగిన అన్యాయం మీద గంటసేపు అరిచి, ఇంటికి హాయిగా వెళ్ళి పడుకున్నాను. నా కోసం నేను అరుస్తున్నానని నాకప్పుడు తట్టలేదు. మంగలి కుర్చీలో కూర్చుంటే ఎవరి బాధైనా బయటికి వస్తుంది, డెల్మర్ దాన్ని పెలికన్ల లెక్కలో రాసి వండి పెడుతున్నాడు.

గోర్డన్‌ని డెల్మర్ ఏమీ అడగలేదు. కొడుకు పక్కనున్న కుర్చీ లాగి చెయ్యి చూపించాడు.

గోర్డన్ నిలబడే ఉన్నాడు. “నాన్నా,” అన్నాడు కోల్బీ, “కూర్చో. పర్లేదు.” అప్పుడు తెలిసింది సంగతి. కాన్ఫరెన్స్ ఫైనల్ పరాయి ఊళ్ళో జరిగింది. విమానంలో అందరికీ చోటు లేదు. బంతి వెనక్కి విసిరే పనికి వేరే కాలేజీనుంచి కొత్తగా వచ్చినవాణ్ణి తీసుకెళ్ళి, అన్నేళ్ళుగా ఉన్న కోల్బీని కోచ్ ఇంట్లో వదిలేశాడు. ప్లేఆఫ్‌కి కూడా అదే జట్టు అన్నాడు. కప్పు ఎత్తిన ఫోటోలో కోల్బీ లేడు, వాడు టీవీలో చూశాడు. ఊరంతా వచ్చి చాంపియన్ తండ్రి చెయ్యి ఊపుతుంటే గోర్డన్‌కి నిజం చెప్పడానికి నోరు రాలేదు, కొడుకుతో మాట్లాడటానికి మొహం చెల్లలేదు.

గోర్డన్ కూర్చున్నాడు. గంబో తిన్నాడు. రెండో గిన్నె నిండాక గొంతు సవరించుకున్నాడు.

“ఈ పులుసు తిన్నంత మాత్రాన నీ వాదన ఒప్పుకున్నట్టు కాదు. తిన్నగా ప్రవేశం మన హక్కు.”

“హక్కే. ఎవరు కాదన్నారు?”

“మరి ఆ జెండా ఎందుకురా?”

“వాళ్ళకి ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు గోర్డన్?”

కోల్బీ కలగజేసుకున్నాడు. “నాన్నా, నిజం చెప్పాలంటే ఆ పెలికన్లు మనవాళ్ళని ఉతికి ఆరేస్తారు.”

“నువ్వూరుకో! కాళ్ళ సందులోంచి చూసేవాడికి ఆట ఏం తెలుస్తుంది?” అన్నాడు గోర్డన్. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, కోల్బీ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ కుర్రాడి నవ్వు విని గోర్డన్ టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. టోపీ తీసేసరికి సగం తల బయటపడింది. డెల్మర్ ఇంట్లోకి వెళ్ళి కత్తెర తెచ్చాడు.

ప్లేఆఫ్‌లో మా ఎలుకల్ని మొదటి రౌండులోనే తొక్కి నార తీశారు. పెలికన్స్ వెళ్ళుంటే ఏమయ్యేదని చలికాలమంతా వాదించుకున్నాం, ఇప్పటికీ తేలలేదు. సెప్టెంబరులో మొదటి ఆట రోజున గోర్డన్ నా కర్ర నాకిచ్చి, డెల్మర్ కర్ర డెల్మర్‌కిచ్చి, “నోరు ముయ్యి” అన్నాడు. అది ఆహ్వానమని మా ఇద్దరికీ అర్థమైంది. కోల్బీ ఇప్పుడు పక్క ఊరి హైస్కూల్లో పిల్లలకి ఆట నేర్పుతున్నాడు, ఎంపిక కాని పిల్లల్ని కూడా బస్సెక్కిస్తాడని విన్నాను.

ఇక నా సంగతి. ఈ ఏడాది మా ఊరి క్రిస్మస్ ఊరేగింపులో శాంతాక్లాజ్ వేషానికి నేను పేరిచ్చాను. బండి మీద కూర్చుని పిల్లలకి మిఠాయిలు విసిరే వేషం, నాకు చిన్నప్పటినుంచీ కోరిక. జులై నుంచి గడ్డం పెంచాను. పొట్ట ముందునుంచే ఉంది. కమిటీ నిర్ణయం వచ్చే వారం చెబుతారు. మార్జీ ఎర్ర కోటుకి గుండీలు కూడా కుట్టింది. నిన్న మెడ దగ్గర కాస్త సవరించుకుందామని డెల్మర్ దుకాణానికి వెళ్ళాను. గుడ్డ కట్టాడు, అద్దంలో నన్ను చూసి నవ్వాడు. చాలా మంచి నవ్వు. నాకు మార్జీ పీచ్ పై గుర్తొచ్చింది.

“రస్, ఆదివారం గరాజుకి రా.”

నేను గడ్డం నిమురుకున్నాను.

“కడుపు ఖాళీ పెట్టుకుని రా,” అన్నాడు మెల్లగా. తర్వాత వేడినీళ్ళలో ముంచిన తువ్వాలు పిండి చేతిలోకి తీసుకున్నాడు. “గడ్డం ఉంచమంటావా, తీసెయ్యమంటావా?”

“కానియ్,” అని కళ్ళు మూసుకున్నాను. “ఈసారి ఏం వండుతున్నావ్?”